ఓకానెల్ వంతెన మీద కెమెరా

ఇంటర్వ్యూల్లో సిస్టమ్ డిజైన్ ప్రశ్నలు అడగడం, వాటికి జవాబులు చెప్పడం మన వృత్తిలో మామూలే. ఈసారి అలాంటి ప్రశ్న ఒకటి మీకు. లక్షా ఎనభై వేల పైచిలుకు ఫోటోలున్నాయి. వాటిని కొన్ని దశాబ్దాలపాటు భద్రంగా ఉంచాలి. సర్వరు లేదు, బ్యాకప్పు లేదు, సిబ్బంది లేరు, బడ్జెట్టు సున్నా. ఫోటోల్లో ఉన్నవాళ్ళ పేర్లు తీసినాయనకి కూడా తెలియవు. అయినా ఎప్పుడో 2014లో ఎవరో వచ్చి, "1950లలో డబ్లిన్ మగవాళ్ళు ఎలాంటి కోట్లు తొడుక్కునేవారు?" అని అడిగితే జవాబు దొరకాలి. ఎలా చేస్తారు?

చేతులెత్తేయకండి. ఇది ఊహించి వేసిన ప్రశ్న కాదు, నిజంగా జరిగిన పనే. చేసినాయన పేరు ఆర్థర్ ఫీల్డ్స్. ఆయనకి కంప్యూటర్లతో ఏ సంబంధమూ లేదు. డబ్లిన్ నగరం నడిబొడ్డున లిఫీ నది మీద ఓకానెల్ వంతెన ఉంది కదా, దాని మీద నిలబడి, వచ్చేపోయేవాళ్ళని ఫోటోలు తీయడమే ఆయన బతుకుతెరువు.

వీధిలో నడిచే మగవాళ్ళ వేషధారణని ఫోటో తీయడం అనే విషయం ఈ నెల మన శీర్షికలో ఎందుకొచ్చిందని కొందరికి అనుమానం రావచ్చు. ఇందులో ఆప్టిక్సు ఉంది, డేటా ఉంది, చట్టం ఉంది. చివర్లో మనవాళ్ళందరికీ తగిలే సంగతి కూడా ఒకటుంది. ఒక్కొక్కటిగా చూద్దాం.

వంతెన మనిషి

ఫీల్డ్స్ అసలు పేరు ఏబ్రహం ఫెల్డ్‌మన్. ఆయన కుటుంబం యూదులు. 1880లలో కీవ్ ప్రాంతంలో యూదుల మీద జరిగిన దౌర్జన్యాలు తట్టుకోలేక అక్కడినుంచి బయటపడి డబ్లిన్ చేరుకున్నారు. ఆయన డబ్లిన్‌లోనే పుట్టారు. 1930ల మొదట్లో కెమెరా పట్టుకుని వంతెన మీదికి వచ్చారు. 1980ల దాకా, అంటే సుమారు యాభై ఏళ్ళు, అక్కడే ఉన్నారు. 1994లో కన్నుమూశారు.

ఆయన తీసిన ఫోటోలు 1,82,000కి పైగా ఉంటాయని అంచనా. వింటే చాలా పెద్ద సంఖ్యలా ఉంది కానీ, యాభై ఏళ్ళకి పంచి చూడండి. ఏడాదికి మూడువేల ఆరువందల చిల్లర, అంటే రోజుకి పది. మన ఫోనులో బర్స్ట్ మోడ్ పెట్టి ఒకసారి వేలు నొక్కి పడితే వచ్చేది అంతే! తేడా ఏమిటంటే, ఆయన ఆ పదీ ఒకే చోట, ఒకే దూరంనుంచి, ఒకే రకంగా, యాభై ఏళ్ళు తీశారు. డేటా గురించి తెలిసినవాళ్ళకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. వెనకాల స్థలం మారలేదు, కెమెరా మనిషి మారలేదు, మారిందల్లా నడిచొచ్చే మనుషులు, వాళ్ళ బట్టలు. మిగతావన్నీ స్థిరంగా ఉంచి ఒక్క చలరాశిని మాత్రమే వదిలేసిన ప్రయోగం లాంటిదన్నమాట.

అందుకే ఆ ఫోటోలని వరసగా చూస్తే మగవాళ్ళ వేషం ఎలా మారిందో కళ్ళకి కట్టినట్టుంటుంది. మొదటి దశాబ్దాల్లో దాదాపు ప్రతి తల మీదా టోపీ ఉంటుంది, కాదంటే ట్వీడ్ క్యాపు. మోకాళ్ళు దాటిన ఓవర్‌కోటు, లోపల మూడుముక్కల సూటు, మెడకి టై. తర్వాత టోపీ మాయమవుతుంది. కోటు పొట్టిదవుతుంది. జుట్టు పెరుగుతుంది. ప్యాంటు కింద వెడల్పవుతుంది. కాలర్లు చొక్కా మీంచి కోటు మీదికి ఎక్కుతాయి. ఇవేవీ ఫ్యాషన్ పత్రికల్లోని మోడళ్ళు వేసుకున్నవి కావు. మామూలు గుమాస్తాలు, పల్లెనుంచి పనిమీద వచ్చినవాళ్ళు, సాయంత్రం సినిమాకి వెళ్ళే కుర్రాళ్ళు తమ సొంత డబ్బుతో కొనుక్కుని తొడుక్కున్నవి.

న్యూయార్క్‌లో బిల్ కనింగ్‌హమ్ అనే ఆయన ఇలాంటి పనే చేశారు. నీలంరంగు పనివాళ్ళ కోటు తొడుక్కుని, సైకిలు మీద తిరుగుతూ, 2016లో చనిపోయేదాకా న్యూయార్క్ టైమ్స్‌కి వీధి ఫ్యాషన్ ఫోటోలు తీశారు. కానీ ఆయన బట్టల కోసమే వెతుకుతూ తిరిగినాయన. ఫీల్డ్స్ బట్టల కోసం తీయలేదు. ఎదురొచ్చినవాళ్ళని తీశారు, కడుపు నింపుకోవడానికి తీశారు. అందుకని ఆయన ఫోటోల్లో "బాగున్నవి మాత్రమే" అనే వడపోత తక్కువ. చరిత్రకి అదే మేలయింది.

టోకెను పద్ధతి

ఈ వ్యాపారం ఎలా నడిచేదో చూద్దాం. మీరు వంతెన మీద నడిచొస్తుంటారు. కెమెరా క్లిక్‌మంటుంది. మీరు దగ్గరికి రాగానే చేతిలో ఒక చీటీ పెడతారు. ఇష్టముంటే ఆ చీటీ పట్టుకుని స్టూడియోకి వెళ్ళి డబ్బిచ్చి ఫోటో తీసుకోవచ్చు. లేదంటే చీటీ పారేసి మీ దారిన మీరు పోవచ్చు. ఇంగ్లండులో సముద్రతీరం ఊళ్ళలో 1920, 30లలో ఇదే పద్ధతి జోరుగా నడిచింది.

మన భాషలో చెప్పాలంటే ఇది అసింక్రనస్ రిక్వెస్టు. చీటీ మీది నంబరే ప్రైమరీ కీ. పేరు అడగరు, చిరునామా రాసుకోరు. కీ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకే రికార్డు దొరుకుతుంది. ఎవరూ రాకపోతే ఆ రికార్డు గతి అంతే. ఇవాళ మనం పెద్ద పెద్ద మాటలతో "కనీస డేటా సేకరణ" అని దేన్ని చెప్పుకుంటున్నామో, అది ఆ కాగితం ముక్కలో ఉంది.

మరి భద్రపరచడం? నెగెటివులు ఇవాళ లేవు. కేంద్రంలో ఏమీ మిగల్లేదు. ఫోటోలు మిగిలింది కొనుక్కున్నవాళ్ళ ఇళ్ళలో: బిస్కెట్ డబ్బాల్లో, ఆల్బముల్లో, పర్సుల్లో. ప్రతి ఇల్లూ ఒక నోడు, ప్రతి నోడులోనూ ఒకటో రెండో రికార్డులు. ఐర్లండునుంచి వలసపోయినవాళ్ళతో పాటు కొన్ని సముద్రాలు కూడా దాటాయి. 2014లో "మ్యాన్ ఆన్ బ్రిడ్జ్" అనే పేరుతో ఒక ప్రాజెక్టు మొదలుపెట్టి, మీ ఇళ్ళలో ఉన్న ఫీల్డ్స్ ఫోటోలు పంపండి అని జనాన్ని అడిగితే వేల సంఖ్యలో వచ్చాయి. ఆ ఏడాది చివర్లో ఐర్లండు జాతీయ ప్రసార సంస్థ ఆర్టీఈలో డాక్యుమెంటరీ వచ్చింది. డబ్లిన్‌లో ప్రదర్శన జరిగింది. మొదట్లో నేనడిగిన ప్రశ్నకి జవాబు ఇదే. ఎవరి ఫోటో వాళ్ళ చేతికిచ్చేయడం, అది వాళ్ళకి ముద్దుగా ఉండేలా తీయడం!

తేదీ లేని బొమ్మకి తేదీ

పంపినవాళ్ళలో అందరికీ ఫోటో ఎప్పటిదో తెలియాలని లేదు. "ఇది మా తాతయ్య" అనేవరకే తెలిసిన ఇళ్ళు బోలెడు. అలాంటప్పుడు తేదీ ఎలా కట్టాలి? మనం లాగ్ ఫైల్స్ చూసి సంఘటన ఎప్పుడు జరిగిందో తేల్చినట్టే. "దీనికి ముందు, దానికి తర్వాత" అని రెండు వైపులనుంచీ హద్దులు బిగించుకుంటూ రావాలి.

వంతెన మీదనుంచి ఉత్తరం వైపు తీసిన ఫోటోలో వెనకాల ఓకానెల్ వీధి కనిపిస్తుంది. అక్కడ నెల్సన్ స్తంభం నిలబడి ఉంటే ఆ ఫోటో 1966 మార్చి 8కి ముందుది, ఎందుకంటే ఆ తెల్లవారుజామున దాన్ని పేల్చేశారు. వీధిలో పాత ట్రాములు తిరుగుతుంటే 1949 దాటలేదు. వంతెన మధ్యలో ప్లాస్టిక్ మంటల గిన్నె కనిపిస్తే అది 1953 వసంతం. ఆన్ టోస్టల్ ఉత్సవం కోసం పెట్టిన ఆ గిన్నె జనానికి నచ్చలేదు, కొద్దికాలానికే ఒక కుర్రాడి చేతుల మీదుగా నదిలో పడింది.

ఇవి కట్టడాలు. బట్టలు కూడా ఇలాగే తేదీ చెబుతాయి కానీ ఒక మెలిక ఉంది. బట్టలు ఒకవైపు హద్దునే గట్టిగా చెబుతాయి. వెడల్పు కాలర్ల కోటు ఉంటే ఆ ఫ్యాషను రాకముందు ఫోటో కాదని చెప్పొచ్చు. కానీ ఎంత తర్వాతదో చెప్పలేం. ఎందుకంటే డబ్బు లేనివాడు, వయసైనవాడు అదే కోటుని ఇరవై ఏళ్ళు తొడుక్కుంటాడు. మన ఊళ్ళలో పెళ్ళినాటి సూటుని కొడుకు పెళ్ళికి కూడా బయటికి తీసే నాన్నలు లేరూ? అందుకని తేదీ కట్టేటప్పుడు గుంపులో అందరికన్నా కొత్త ఫ్యాషను వేసుకున్న కుర్రాణ్ణి చూడాలి, పెద్దాయన్ని కాదు.

ముందే కట్టిన ఫోకసు

ఇప్పుడు మనమే వీధిలోకి వెళితే ఎలా తీయాలో చూద్దాం. ఆటోఫోకసు లేని రోజుల్లో ఎదురొచ్చే మనిషిని అంత స్పష్టంగా ఎలా తీశారు? మనిషిని వెతికి ఫోకసు చేయలేదు. ఫోకసు ఒక దూరానికి ముందే కట్టేసి, మనిషి ఆ దూరానికి వచ్చేదాకా ఆగారు. ఇది ఇవాళ్టికీ అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి.

లెక్క చూడండి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి 35 మిల్లీమీటర్ల లెన్సు పెట్టి, ఎపర్చరు ఎఫ్/8 దగ్గర ఉంచి, ఫోకసు 3 మీటర్లకి కడితే, సుమారు 1.9 మీటర్లనుంచి 7.2 మీటర్ల దాకా ఉన్నదంతా స్పష్టంగా వస్తుంది. కెమెరాని నిలువుగా పట్టుకుంటే 3 మీటర్ల దూరంలో చట్రం ఎత్తు దాదాపు 3.1 మీటర్లు. ఆరడుగుల మనిషి తలనుంచి బూట్ల దాకా పట్టి, పైనా కిందా కాస్త ఖాళీ కూడా మిగులుతుంది. అదే 50 మిల్లీమీటర్ల లెన్సయితే ఎత్తు 2.16 మీటర్లే. మనిషి పడతాడు కానీ చెయ్యి కొంచెం వణికినా బూట్లు తెగుతాయి. మగవాళ్ళ వేషంలో బూట్లు తెగాయంటే సగం కథ పోయినట్టే!

ఫోనులో మామూలు లెన్సు చాలా వెడల్పైనది, 26 మిల్లీమీటర్ల లెన్సుకి దగ్గరగా ఉంటుంది. దగ్గరికెళ్ళి మొహం ఎత్తునుంచి కిందికి వంచి తీస్తే తల పెద్దదై కాళ్ళు పొట్టివవుతాయి. ఫోనుని ఛాతీకీ నడుముకీ మధ్య ఎత్తులో, నేలకి నిట్టనిలువుగా పట్టుకోండి. రెండో లెన్సు ఉంటే అది వాడి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళండి. కోటు కొలతలు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి.

ఇక షట్టరు. మామూలుగా నడిచే మనిషి సెకనుకి సుమారు 1.4 మీటర్లు కదులుతాడు. 1/60 సెకనులో 23 మిల్లీమీటర్లు, 1/250లో ఐదారు మిల్లీమీటర్లు. అడ్డంగా నడిచేవాణ్ణి 1/60లో తీస్తే కోటు నేత అంతా అలుక్కుపోతుంది. ఎదురుగా నడిచొస్తే ఆ కదలిక కెమెరాకి చాలా తక్కువ తెలుస్తుంది. వంతెన ఫోటోలన్నీ ఎదురునుంచి ఉండటానికి ఇదొక లాభం. అయినా ఊగే పాదం ఒంటికన్నా వేగంగా కదులుతుంది, అందుకే ముందు చెదిరేవి బూట్లే. ముందు కాలి మడమ నేలకి ఆనిన క్షణంలో రెండు పాదాలూ నేలమీదే ఉంటాయి. అప్పుడు నొక్కితే బూట్లూ స్పష్టంగా వస్తాయి, ప్యాంటు కూడా చక్కటి గీతలో పడుతుంది.

ఐర్లండు వెలుగు

మన హైదరాబాదులో డిసెంబరు చివర్లో కూడా మిట్టమధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. డబ్లిన్‌లో అదే రోజు 13 డిగ్రీలు. అంటే మధ్యాహ్నం పన్నెండింటికి మనకి సాయంకాలపు ఎండ! మీద పడితే మొహం అంతా బంగారంలా ఉంటుంది. టోపీ అంచు నీడ కళ్ళ మీద పడదు. ఓకానెల్ వీధి దాదాపు ఉత్తర దక్షిణాలుగా ఉంది కాబట్టి, వంతెన మీద ఉత్తరం వైపు తిరిగి తీస్తే ఎదురొచ్చేవాళ్ళ మొహాన సూర్యుడుంటాడు. దక్షిణం వైపు తిరిగితే సూర్యుడు మీ లెన్సులో ఉంటాడు.

అయితే ఐర్లండులో సూర్యుడు కనిపించేదెన్నడు అంటారా? నిజమే, మబ్బే ఎక్కువ. దట్టమైన మబ్బుకి పాత ఫోటోగ్రాఫర్ల బండలెక్క ఎఫ్/5.6, ఐఎస్ఓ ఎంతో షట్టరు దాని విలోమం. ఎండకి ఎఫ్/16 కదా, అంటే మూడు స్టాపుల తేడా, వెలుగు ఎనిమిదో వంతు. మనకి కావలసిన ఎఫ్/8, 1/250 రావాలంటే ఐఎస్ఓ 500 దగ్గర పెట్టుకోవాలి. డిసెంబరులో మూడు దాటితే 1600 అయినా మొహమాటపడొద్దు. ఇవాళ్టి సెన్సర్లకి అదేమీ భారం కాదు.

మబ్బుకి ఒక మంచి గుణం కూడా ఉంది. ఆకాశమంతా ఒకే పెద్ద దీపంలా మారుతుంది. నీడలు మెత్తబడతాయి. ట్వీడ్ నేతలో కలిసిపోయిన నాలుగైదు రంగుల పోగులు ఎండలో కన్నా మబ్బులోనే బాగా తెలుస్తాయి. వాన వెలిశాక తడి నేల కిందినుంచి కూడా కొంత వెలుగు ఇస్తుంది.

నల్ల కోటు, నల్లని మనిషి

ఇది మనవాళ్ళు ప్రత్యేకంగా చదవాల్సిన భాగం. కెమెరాలోని మీటరుకి కోటు తెలియదు, మనిషి తెలియడు. చూసినదంతా సగటున మధ్యరకం బూడిదరంగు అనుకోవడమే దాని స్థూల సూత్రం. చట్రం నిండా నల్లకోటు ఉంటే "అయ్యో చీకటి" అనుకుని వెలుగు పెంచుతుంది. కోటు వెలిసిపోయి, తెల్లవాడి మొహం సున్నం కొట్టినట్టవుతుంది. అప్పుడు ముప్పాతిక స్టాపు తగ్గించాలి. వెనకాల తెల్లటి ఐరిష్ ఆకాశం, ముందు చామనఛాయ మనిషి ఉంటే దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. ఆకాశాన్ని చూసి మీటరు వెలుగు తగ్గిస్తుంది, మన మనిషి నల్లటి బొమ్మలా మిగులుతాడు. అప్పుడు ఒక స్టాపు పెంచాలి, లేదా ఆకాశం చట్రంలోకి రాకుండా గోడ ముందుకి రమ్మనాలి. ఫోనులో అయితే మొహం మీద వేలు పెట్టి వెలుగు పైకి జరపడమే.

"నేను ఫోటోల్లో బాగా పడను" అని మనవాళ్ళు చాలామంది అంటుంటారు. తప్పు మొహానిది కాదు, కొలతది. ఫిల్ము రోజుల్లో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ పంపిన "షర్లీ కార్డు"ల మీద దశాబ్దాలపాటు తెల్ల అమ్మాయి ఫోటోయే ఉండేది. యంత్రాలు ఆ చర్మానికే సర్దుకున్నాయి. 1990లలోగానీ వేరు వేరు రంగుల మనుషులున్న కార్డులు రాలేదు. డిజిటల్ కాలంలో కూడా ఇది పూర్తిగా పోలేదు. 2018లో జాయ్ బులామ్‌వీనీ, టిమ్నిట్ గెబ్రూ కలిసి ఫోటో చూసి ఆడా మగా అని చెప్పే వాణిజ్య సాఫ్టువేర్లని పరీక్షిస్తే, తెల్ల మగవాళ్ళ విషయంలో తప్పు ఒక్క శాతం లోపే ఉంది, నల్లని ఆడవాళ్ళ విషయంలో ఒక సాఫ్టువేరులో దాదాపు 35 శాతం వచ్చింది. టెస్ట్ డేటాలో ఎవరు లేరో వాళ్ళ దగ్గరే బగ్గు ఉంటుందని మనకి వేరే చెప్పాలా? గూగుల్ 2021లో పిక్సెల్ 6తో "రియల్ టోన్" తెచ్చింది, 2022లో పది ఛాయలున్న మంక్ కొలమానాన్ని వాడకంలోకి తెచ్చింది. పరిస్థితి మెరుగైంది. అయినా ఆఖరి అర స్టాపు ఇప్పటికీ తీసేవాడి బాధ్యతే.

అడిగి తీయాలా, తీసి అడగాలా?

ఐర్లండులో బహిరంగ స్థలంలో ఫోటో తీయడానికి మామూలుగా ఎవరి అనుమతీ అక్కర్లేదు. తీయడం వేరు, ప్రచురించడం వేరు. 2018 మే 25నుంచి జీడీపీఆర్ అమల్లో ఉంది. గుర్తుపట్టగలిగే మొహం ఉన్న ఫోటో వ్యక్తిగత డేటాయే. పూర్తిగా మీ సొంతానికి, ఇంటి వాడకానికి అయితే ఆ చట్టం వర్తించదు. కానీ అందరికీ కనిపించేలా ఇంటర్నెట్లో పెడితే అది ఇంటి వాడకం కిందికి రాదని యూరప్ న్యాయస్థానం 2003లోనే లిండ్‌క్విస్ట్ కేసులో చెప్పింది. కళ, సాహిత్యం, పాత్రికేయం లాంటి వాటికి ఐర్లండు 2018 డేటా రక్షణ చట్టం 43వ సెక్షనులో మినహాయింపు ఉంది, అయితే అది గుడ్డిగా అన్నిటికీ కాదు. వ్యాపార ప్రకటనకి వాడితే మాత్రం కాగితం మీద సంతకం తీసుకోవడమే క్షేమం.

ఇంకో ఆసక్తికరమైన సంగతి. జీడీపీఆర్ ప్రకారం మామూలు ఫోటో దానంతటదే బయోమెట్రిక్ డేటా కాదు. మనిషిని గుర్తించే సాఫ్టువేరులోకి పంపినప్పుడే అలా అవుతుంది. ఇంటర్నెట్లో దొరికిన మొహాలన్నీ పోగేసి అలా వాడినందుకే క్లియర్‌వ్యూ ఏఐ అనే కంపెనీకి 2022లో ఇటలీ, గ్రీసు, ఫ్రాన్సు తలా రెండు కోట్ల యూరోల జరిమానా వేశాయి. ఫీల్డ్స్ చీటీకీ, దీనికీ ఉన్న దూరం చూడండి. అక్కడ తాళంచెవి ఫోటోలో ఉన్నవాడి జేబులో ఉంది. ఇక్కడ మొహమే తాళంచెవి, అది ఎవడి దగ్గరైనా ఉండొచ్చు.

చట్టం సంగతి ఎలా ఉన్నా, అడిగి తీయడమే నా పద్ధతి. "మీ కోటు చాలా బావుంది, ఒక ఫోటో తీసుకోనా?" అంటే డబ్లిన్‌లో పదిమందిలో ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఏ వస్తువుని మెచ్చుకున్నారో దాన్ని పేరు పెట్టి చెప్పండి, మనిషిని కాదు. ఐరిష్‌వాళ్ళు పొగడ్త వినలేరు. "అబ్బే, ఇది పెన్నీస్‌లో కొన్నది" అని చవక దుకాణం పేరు చెప్పి తప్పించుకోవడం ఇక్కడ ఎప్పటినుంచో ఉన్న జోకు. ఆ నవ్వు మొహంలో ఉండగానే నొక్కాలి! తీశాక చూపించండి, వద్దంటే వాళ్ళ ఎదుటే తుడిచేయండి, కావాలంటే అక్కడికక్కడే పంపండి. చీటీ ఇచ్చినట్టే అది. పిల్లలు చట్రంలోకి వస్తుంటే ఆగండి.

మనం ఎందుకు తీయాలి?

ఈ సలహాలో జాగ్రత్త ఎందుకు ఎక్కువైందో మీకు తెలిసే ఉంటుంది. 2025 జూలైలో డబ్లిన్ శివారు టాలాలో ఒక భారతీయుడి మీద దాడి జరిగింది. పిల్లల విషయంలో అబద్ధపు ఆరోపణ అంటగట్టి కొట్టారు. ఆ తర్వాత మరికొన్ని దాడులు బయటికొచ్చాయి. ఆగస్టు 1న భారత రాయబార కార్యాలయం మనవాళ్ళని జాగ్రత్తగా ఉండమని ప్రకటన ఇచ్చింది. ఇలాంటప్పుడు మనలాంటి మనిషి వీధిలో కెమెరా పట్టుకుని నిలబడటం తేలికైన విషయం కాదు. అందుకే పగటిపూట, జనం ఉన్నచోట, కెమెరా దాచకుండా, అడిగి తీయమంటున్నాను. గ్రాఫ్టన్ వీధి, బండ్లు తిరగని కేపెల్ వీధి ఇందుకు బావుంటాయి. మనవాళ్ళ ఫోటోలు బయట పెట్టేముందు ఫైలులో దాగున్న ఎక్సిఫ్ సమాచారంలోంచి జీపీఎస్ తీసేయండి. ఎవరు ఏ వీధిలో ఉంటారో, ఏ వేళకి ఇంటికి వెళతారో లోకానికి చెప్పాల్సిన పని లేదు.

మరి ఇంత తలనొప్పి ఎందుకు, మానేస్తే పోదా అంటే, నాకు ఫీల్డ్స్ గుర్తొస్తారు. ఆయనది కూడా ప్రాణభయంతో వలసవచ్చిన కుటుంబమే. ఆ ఇంటి బిడ్డ నగరం నట్టనడుమ నిలబడి, అర్ధశతాబ్దం పాటు డబ్లిన్‌ని నేరుగా మొహంలోకి చూశాడు. ఇవాళ డబ్లిన్‌వాళ్ళు తమ తాతల్ని చూసుకోవాలంటే ఆయన కళ్ళతోనే చూడాలి.

2022 జనాభా లెక్కల ప్రకారం ఐర్లండులో భారత పౌరులు 45 వేలకి పైనే. అందులో మన తెలుగువాళ్ళు కూడా తక్కువేమీ కాదు. మన వేషం కూడా ఒక వేషమే: మెడలో ఆఫీసు లాన్యార్డు, వీపున ల్యాప్‌టాప్ సంచి, మొదటి శీతాకాలంలో భయపడి కొన్న మోకాళ్ళదాకా వచ్చే పఫర్ జాకెట్టు. ఉగాది రోజున పట్టుపంచె మీద అదే జాకెట్టు! ఇంకో నలభై ఏళ్ళకి మన మనవళ్ళు వెతికితే ఇది ఎక్కడ దొరుకుతుంది? మన ఫోటోలన్నీ ఏదో ఒక ఖాతాలో ఉన్నాయి. పాస్‌వర్డు మనకే తెలుసు. చందా ఆగితే, ఖాతా మూతపడితే అంతే. ఫీల్డ్స్ నెగెటివులు పోయినా ప్రింట్లు మిగిలాయి. మనకి నెగెటివులు తప్ప ప్రింట్లు లేవు.

కాబట్టి నా సూచన చిన్నదే. ఏడాదికి ఒకసారి, మీ స్నేహితుల్ని నలుగురిని తలనుంచి బూట్లదాకా తీయండి. పండగ వేషం కాదు, రోజూ ఆఫీసుకెళ్ళే వేషం. వెనకాల మారిపోయే వస్తువేదైనా ఉండేలా చూడండి: ఒక బస్సు, ఒక దుకాణం బోర్డు, 2017నుంచి వంతెన మీదుగా వెళుతున్న లువాస్ ట్రాము. కాగితం మీద ప్రింటు తీయించి, వెనక పెన్సిలుతో పేరు, సొంత ఊరు, తేదీ, కోటు ఎక్కడ కొన్నారో రాయండి. ఒకటి వాళ్ళకివ్వండి, ఒకటి ఇండియాలో వాళ్ళ అమ్మానాన్నలకి పంపండి. రెండు దేశాల్లో రెండు ప్రతులు, ఖర్చు కొద్దిపాటిదే. ఇంతకన్నా చవకైన బ్యాకప్పు నాకు తెలియదు.